మూడు వందల పదమూడో శోకం

నరసరావుపేటలో పల్నాటి ప్రాంత అధ్యయన కేంద్రం ఎక్కడని అడిగితే పేటవాళ్లే తెల్లముఖం వేస్తారు. వినుకొండ రోడ్డులో మిరపకాయల కమిషన్ కొట్టు పైన అని చెబితే మాత్రం, "ఆ తుమ్ముల ఆఫీసా?" అంటారు. ఎంతటి పండితుడైనా ఆ మెట్లెక్కేలోపు నాలుగు తుమ్ములు తుమ్మాల్సిందే. విశ్వవిద్యాలయం ఎక్కడో దూరాన ఉంది. ఇరవై రెండేళ్ల క్రితం ఎవరో పెద్దమనసుతో ఈ రెండు గదులూ తీసుకుని, బోర్డు పెట్టించి, ఆ తర్వాత సంగతి మరిచిపోయారు. ఇప్పుడు హఠాత్తుగా గుర్తొచ్చింది. గుర్తు రావడమంటే మూసేద్దామని. గురువారం పదకొండు గంటలకు ముగ్గురు సభ్యుల కమిటీ వస్తుందనీ, కేంద్రం వల్ల ప్రయోజనం ఏమిటో వాళ్లకు చూపించాలనీ కాగితం వచ్చింది.

చూపించాల్సినవాళ్లు కూడా ముగ్గురే. రిటైరయ్యాక గౌరవ డైరెక్టరుగా ఉండిపోయిన ఆచార్య త్రికోటేశ్వరరావు ఒకరు. ఒకప్పుడు టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టు నడిపి, ఇప్పుడు కేంద్రానికి సౌండు మనిషీ కారు డ్రైవరూ తానే అయిన మహబూబ్ ఒకడు. మూడో మనిషి వందన. పదమూడేళ్లుగా ఏటేటా పొడిగించే కాంట్రాక్టు మీద పరిశోధకురాలు. ఆమె పని శోకాలు.

చావింట్లో ఆడవాళ్లు రాగం తీసి, పోయినవాళ్ల గుణగణాలు ఎత్తి, మాటలు అల్లుతూ ఏడుస్తారే, వాటిని వందన ఊరూరా తిరిగి రికార్డు చేసింది. మాచర్ల నుంచి పెదకూరపాడు దాకా ఎక్కడ మనిషి పోయినా ఎవరో ఒకరు ఆమెకు ఫోను చేసేవారు. "ఏడుపులమ్మాయి" అని పేరు పడిపోయింది. ఇప్పటికి మూడు వందల పన్నెండు శోకాలు కేంద్రం బీరువాలోనూ కంప్యూటర్లోనూ ఉన్నాయి. ఎవరు ఎవరికోసం ఏడ్చారు, శవం ముందా, పెద్దదినం నాడా, ఏ మాటతో ఎత్తుకున్నారు, ఎక్కడ ఊపిరి తీసుకున్నారు, అన్నీ రాసి పెట్టింది. శోకం దానంతటది లేవదని, మనిషి వస్తే లేస్తుందని కనిపెట్టింది ఆమే. చావింటికి కొత్తగా ఎవరైనా వస్తే చాలు, అప్పటిదాకా కాఫీ తాగుతున్న ఆడవాళ్లు కూడా వచ్చినామెను పట్టుకుని మళ్లీ మొదలుపెడతారు. వచ్చినామె అడుగుతుంది, ఇంటామె చెబుతుంది. దీని మీద వందన రాసిన వ్యాసాన్ని మెచ్చుకోని ఆచార్యుడు లేడు.

అంత తెలిసిన వందన తన తల్లికి ఏడవలేదు.

వెంకటరమణమ్మ రెండువేల ఇరవై ఒకటి మే నెలలో, కరోనాతో గుంటూరు ఆసుపత్రిలో పోయింది. బరంపేటలో కుట్టుమిషను పెట్టుకుని ముప్పై ఏళ్లు రవికెలు కుట్టి కూతుర్ని చదివించిన మనిషి. ఆమెను జిప్పు సంచిలో పెట్టారు. ముఖం చూపించమంటే వీల్లేదన్నారు. శ్మశానం గేటు బయట వందన మూడు గంటలు నిలబడింది. లోపల్నుంచి ఎవరో "పదిహేడు" అని అరిస్తే అది అమ్మేనని తెలుసుకుని దణ్ణం పెట్టింది. ఇంటికొచ్చి తలుపేసుకుంది. పది రోజులు ఎవరూ రాలేదు. ఎలా వస్తారు, వీధికి అడ్డంగా కర్రలు కట్టి ఉంటే? ఎదురింటి జైనాబ్ బీ మాత్రం రోజూ గేటు మీద అన్నం క్యారేజీ తగిలించి, దూరం నుంచి చెయ్యెత్తి చూపించి వెళ్లేది. మనిషి రాలేదు కాబట్టి శోకం లేవలేదు. ఒక్కతీ గదిలో నోరు తెరిచి చూసింది ఒకసారి. వచ్చింది మాట కాదు, దగ్గు. తనకూ జ్వరమే మరి. ఆ తర్వాత ఆఫీసులు తెరిచారు. నాలుగేళ్లు గడిచాయి. ఈ నాలుగేళ్లలో ఆమె కొత్తగా ఒక్క శోకం కూడా రికార్డు చేయలేదన్న సంగతి డైరెక్టరు గారు గమనించలేదు, వందన చెప్పలేదు. పాతవాటికి సూచిక తయారుచేస్తున్నానని చెప్పుకుంటూ వచ్చింది.

కమిటీ వస్తోందనగానే త్రికోటేశ్వరరావు గారికి ఒక ఆలోచన తట్టింది. "కంప్యూటర్లో వినిపిస్తే ఏం లాభం అమ్మా? మనిషిని కూర్చోబెట్టి వినిపించాలి. వాళ్ల కళ్లు చెమర్చాలి. అప్పుడు చూద్దాం ఎలా మూస్తారో" అన్నారు. మంచి మనిషే. కేంద్రం కోసం తిండీ నిద్రా మానుకునే రకం. కానీ కంగారు పడితే ఆయనకు ముందూ వెనకా కనపడవు. మధ్యాహ్నానికల్లా ఆహ్వాన పత్రికలు అచ్చయి వచ్చాయి. వాటిలో "శ్రీమతి కోటమ్మ గారిచే శోకగాన ప్రదర్శన" అని ఎర్ర అక్షరాలతో ఉంది. ఆయన స్వయంగా కూర్చుని, శుభమా అని మొదలుపెడుతున్నాం కదా అంటూ, ప్రతి పత్రికకూ నాలుగు మూలలా పసుపు రాశారు.

శోకం పేరున్న కాగితానికి పసుపు. వందన చూసింది. మూడు వందల పన్నెండు చావులకు వెళ్లొచ్చిన మనిషికి అది తప్పని తెలియదా? తెలుసు. కానీ అలసిపోయి ఉంది, నోరు మెదపలేదు.

కోటమ్మది రాజుపాలెం మండలంలో ఒక పల్లె. డెబ్బై దాటింది. ఆమె ఎత్తుకుంటే గట్టి మగవాళ్లు కూడా కండువా నోట్లో కుక్కుకుంటారు. వందన బీరువాలో ఉన్నవాటిలో నలభై ఆమెవే. వందనను వెంటబెట్టుకుని వెళ్లిన డైరెక్టరు గారు ఆమె వాకిట్లో కుర్చీలో కూర్చుని, పత్రిక రెండు చేతులతో అందించారు. కోటమ్మకు చదువు రాదు. పసుపు చూసి ముఖం విప్పారింది.

"ఎవురికి పెళ్లి?" అంది.

ఆయన నవ్వి, పెళ్లి కాదని, సభ అని, ఆమె వచ్చి పెద్దల ముందు ఒక అరగంట శోకం పాడాలని, శాలువా కప్పుతామని వివరించారు. కోటమ్మ వింటూనే కాగితాన్ని అరుగు మీద పెట్టి, కొంచెం అవతలికి జరిగి కూర్చుంది.

"ఎవురు పోయారు?"

"ఎవరూ పోలేదమ్మా. ఊరికే, ప్రదర్శనకి."

"ఎవురూ పోకుండా శోకం పెట్టమంటన్నారా? పసుపు రాసి మరీ తెచ్చారా?" గొంతు పెంచలేదు. "పంతులుగారూ, మీరు చానా చదువుకున్నారు. మా ఇంట్లో మనవలున్నారు. ఈ కాయితం ఇంట్లో పెట్టుకోను. మీరే తీసకపోండి."

ఆయన ముఖం మాడిపోయింది. ఏదో చెప్పబోయేంతలో ఫోను మోగింది. విశ్వవిద్యాలయం నుంచి. మాట్లాడుతూ వీధిలోకి వెళ్లిపోయారు. వందన పత్రిక తీసుకుని సంచిలో పెట్టుకుంది.

"తప్పయింది పెద్దమ్మా."

"ఆయనకైతే తెలవదు. నీకేమైంది? నువ్వు నా యెంట తిరిగిన పిల్లవి గందా." కోటమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "చిక్కిపోయావు. ఐదేళ్లాయె ఈ మొగాన కనపడి. అమ్మ బాగుందా? ఒకసారి నీ యెంట వచ్చింది, టేపు లేకుండా కంటితోటే నా రవికె కొలత చెప్పింది. ఇదుగో, ఇది ఆమె కుట్టిందే."

వందన ఆ రవికె వైపు చూసింది. వంకాయ రంగు, మోచేతి దగ్గర వెలిసిపోయింది.

"పోయింది పెద్దమ్మా. కరోనాలో."

కోటమ్మ ఆ రవికె చేతిని అరచేత్తో నిమురుకుంది. తర్వాత, "నాకు కబురెందుకు పెట్టలా?" అంది.

"ఎవరికీ పెట్టలేదు. రానివ్వలేదు కదా అప్పుడు."

"పుట్టింటోళ్లు చీర తెచ్చారా?"

"లేదు."

"ఎవురు ఏడిచారు?"

ఈ ప్రశ్న వందన ఎన్ని ఇళ్లలో అడిగిందో. ఎవరు ముందు ఎత్తుకున్నారు, ఎవరు అందుకున్నారు, అని కాగితం మీద గడులు గీసుకుని అడిగేది. ఇప్పుడు ఆ గడిలో రాయడానికి ఏమీ లేదు. "ఎవరూ ఏడవలేదు" అంది. అన్నాక గొంతు దాటి రాని దుఃఖం ఎంతుందో ఆమెకే తెలిసొచ్చి భయమేసింది.

త్రికోటేశ్వరరావు గారు ఫోను ముగించుకుని వచ్చేసరికి కోటమ్మ లేచి నిలబడి ఉంది. "బేస్తారం వస్తా. కారు పంపియ్యండి" అంది. ఆయన ఆనందానికి అంతు లేదు. దారంతా, "చూశావా, మన పట్టుదల!" అంటూనే ఉన్నారు.

గురువారం తొమ్మిదింటికే వందనా మహబూబూ కారు తీసుకుని వెళ్లారు. కోటమ్మ పాత నేతచీర కట్టుకుని, చేతిలో గుడ్డసంచితో సిద్ధంగా ఉంది. వస్తానని ఇంట్లో ఎవరికీ చెప్పకుండానే గడప దిగింది. అది చూసి వందనకు ఏదో అనుమానం వచ్చింది. చావు పలకరింపుకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు, ఆ మాట అనరు.

పేట పొలిమేరలో కోటమ్మ మహబూబ్ భుజం తట్టింది. "అబ్బాయ్, ముందు ఈ అమ్మాయోళ్ల ఇంటికి పోనీయ్."

"టైం లేదమ్మా. పావుతక్కువ పదకొండు అయింది. సార్ ఎదురు చూస్తన్నారు" అన్నాడు మహబూబ్.

"చావింటికి పోకుండా సభకి యాడ పోతా? ముందు ఇల్లు."

కేంద్రం మూతపడితే తన పదమూడేళ్లూ మూతపడతాయి. ఆ బీరువా ఏ గోడౌన్లోకి పోతుందో, ఆ గొంతులు ఏ చెదలకు తిండవుతాయో తెలియదు. అటు పదకొండు గంటలకు కమిటీ, ఇటు నాలుగేళ్ల నాటి మే నెల. మహబూబ్ అద్దంలోంచి ఆమెను చూస్తున్నాడు. ఆమె చెప్పాలి.

"బరంపేట పోనీ మహబూబ్" అంది.

సందు మొదట్లో కోటమ్మ కారు ఆపించింది. "నువ్వు లోపలికి పోయి కూకో. ఎదురు రామాక. నేను ఈడ్నించి నడిచొస్తా" అంది. వందన వెళ్లి తాళం తీసింది. ముందుగదిలో మూలన కుట్టుమిషను, పైన దుప్పటి. గోడకు అమ్మ ఫోటో. దాని కింద నేలమీద కూర్చుంది. వెనకే మహబూబ్ చిన్న రికార్డరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అతని జేబులో ఫోను మోగుతోంది. తీసి మాట్లాడి, ముఖం దించుకున్నాడు.

"సార్ మేడం. కమిటీ దిగిందంట. ఆమె అక్కడికి రాకపోతే కనీసం రికార్డన్నా చేసుకురమ్మంటన్నారు. కొత్తది ఏదో ఒకటి చూపించాలంట." కాస్త ఆగి, ఎప్పుడూ వందన అడిగే మాటే, ఆమె నేర్పిన మాటే, నెమ్మదిగా అడిగాడు. "రికార్డు చేసుకోడానికి మీకు సమ్మతమేనా?"

వద్దు అని నోటిదాకా వచ్చింది. ఇది మా అమ్మది, ఇది నాది, బీరువాలోకి కాదు. అప్పుడు ఆమెకు మిగతా ఆడవాళ్లు గుర్తొచ్చారు. జుట్టు విరబోసుకుని, శవం కాళ్ల దగ్గర కూర్చుని ఉండగా తను వంగి ఇదే ప్రశ్న వేసేది. వాళ్లు తల ఊపేవారు. అంగీకారం ఉంది అని తను రాసుకునేది. ఆ తల ఊపడంలో అంగీకారం ఎంత, ఏదో ఒకటి చేసుకుని నన్నొదిలెయ్ అనడం ఎంత, ఏనాడైనా ఆలోచించిందా? మూడు వందల పన్నెండు ఇళ్లలో పెట్టిన పెట్టె తన ఇంట్లోకి మాత్రం రాకూడదా?

"పెట్టు. ఇక్కడ పెట్టు, నా పక్కన" అంది.

మహబూబ్ రికార్డరు ఆమె పక్కన పెట్టి, చెప్పులు వదిలిన చోటికి వెళ్లి నిలబడ్డాడు.

అప్పటికే సందులోంచి గొంతు వినిపిస్తోంది. కోటమ్మ ముడి విప్పుకుని, చేతులు చాచుకుని వస్తోంది. పట్టపగలు, నాలుగేళ్ల కిందట పోయిన మనిషి కోసం, నిన్ననే పోయినట్టు.

"ఓ నా వెంకటరమణమ్మా... ఎట్టా పోయావే తల్లా...
నాకు కబురన్నా లేకపాయెనే...
ఊరందరికీ రవికెలు కుట్టినదానివే,
నీ మీదికి కొత్తగుడ్డ లేకుండా పోయావంటనే...
నీ మొగం చూసినోళ్లు లేరంటనే తల్లా,
నీ పేరెట్టి పిలిచినోళ్లు లేరంటనే..."

లోపలికి వచ్చి, సంచిలోంచి కొత్త చీర తీసి ఫోటో కింద పెట్టింది. "పుట్టింటి చీర తెచ్చానే, తోడబుట్టినదాన్ని అనుకోవే" అని, కూలబడి, వందన మెడ చుట్టూ చేతులేసి ఊగుతూ అడిగింది.

"నీ కూతురొక్కతే ఉందే, ఏం పెట్టి పంపిందే నిన్నూ... ఏం తిని పోయావే..."

అడిగి ఆగింది. ఇక్కడ ఇంటామె అందుకోవాలి. వందన ఎన్నిసార్లు విన్నదో ఆ ఆగడం. కంప్యూటర్లో దానికో గుర్తు కూడా పెట్టింది.

"ఇడ్లీ" అంది వందన, మామూలు గొంతుతో. "ఒకటిన్నర తిన్నది. ఇంక వద్దంది."

"నాకు కాదే పిచ్చిదానా. నాకు చెప్తే ఏం వస్తది? అమ్మకి చెప్పు."

శోకంలో పోయినవాళ్లతోనే మాట్లాడతారని, పక్కవాళ్లకు చెప్పడం ఉండదని వందన పన్నెండు పేజీలు రాసింది. రాసిన చెయ్యి ఇదే. నోరు మాత్రం కుట్టేసినట్టుంది. కోటమ్మ తొందరపెట్టలేదు. తనే మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అడిగింది, మళ్లీ ఆగింది.

జైనాబ్ బీ వచ్చింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఏమైంది, ఎవరికేమైంది అని పరిగెత్తుకొచ్చి, ఫోటో కింద చీర చూసి, అర్థమై, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "ఆ రోజు లోపలికి రాలేకపోయా బేటీ. గేటు దగ్గిరే ఉండిపోయా" అంది. ఆమె వెనక పక్క పోర్షన్ ఆమె, పాలబూతు ఆమె. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా కోటమ్మ శోకం లేపుతోంది. నాలుగేళ్ల కిందట రావలసినవాళ్లందరూ ఇప్పుడు వస్తున్నట్టుంది. వందన కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, మాట మాత్రం రాలేదు.

పన్నెండు దాటింది. కోటమ్మ గొంతు బొంగురుపోయింది. జైనాబ్ బీ తెచ్చిన మంచినీళ్లు తాగుతూ గోడకు జారగిలబడింది. అప్పుడు వీధిలో ఆటో ఆగింది. త్రికోటేశ్వరరావు గారు దిగారు. ముఖం కందగడ్డలా ఉంది. కమిటీ గంటసేపు తుమ్ములు తుమ్మి, కాఫీలు తాగి, ఖాళీ కుర్చీ వైపు చూసి, రాసుకోవలసింది రాసుకుని వెళ్లిపోయింది. ఆయన ఇరవై రెండేళ్లూ ఆ కాగితంలో పోయాయి. ఆ కోపమంతా మెట్ల మీదకు మోసుకొచ్చారు. "వందనా" అని గట్టిగా పిలవబోయి, గుమ్మంలో ఆగిపోయారు.

నేల నిండా ఆడవాళ్లు. ఫోటో. చీర. విరబోసుకున్న కోటమ్మ జుట్టు. వందన పక్కన ఎర్రదీపం వెలుగుతున్న రికార్డరు. ఆయన అటు చూశారు, ఇటు చూశారు. వెంకటరమణమ్మ పోయిందని ఆయనకు తెలుసు. మర్నాడే ఫోను చేసి, సెలవు పెట్టుకోమ్మా అన్నారు. తర్వాతైనా రావలసింది, రాలేదు. ఆయన చెప్పులు విడిచి, కండువా తీసి చేతిలో పట్టుకుని లోపలికి వచ్చి నేలమీద కూర్చున్నారు.

కొత్త మనిషి వచ్చాడు. శోకం లేవాలి. అందరూ కోటమ్మ వైపు చూశారు. కోటమ్మ లేవలేదు. గ్లాసు కింద పెట్టి, వందన వైపు చూసింది.

వందన ఫోటో వైపు తిరిగింది.

"అమ్మా..." గొంతు పగిలింది. రాగం కాదది, ముందు ఉత్త శబ్దమే. "అమ్మా, ఎవరొచ్చారో చూడవే... మా సారొచ్చారే, నిన్ను చూడ్డానికొచ్చారే... లేచి కుర్చీ వెయ్యవే అమ్మా...

గేటు బయటే నిలబడ్డానే అమ్మా, నన్ను రానీయలేదే...
నంబరెట్టి పిలిచారే నిన్ను, పేరెట్టి పిలవలేదే...
నేను పలికానే అమ్మా ఆ నంబరుకి, నా తల్లే అని పలికానే...
ఇడ్లీ ఒకటిన్నరే తిన్నావే, ఇంకో ముక్క పెట్టాల్సిందే నేను..."

కోటమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. అందుకోలేదు, అడగలేదు. ఇక అడగాల్సిన పని లేదు. వందన ఏడుస్తూనే ఉంది. తల్లి కుట్టిన మొదటి గౌను చెప్పింది, ఫీజుకు అమ్మిన గాజులు చెప్పింది, తను విసుక్కున్న రోజులు చెప్పింది, పేరు పెట్టి, వెంకటరమణమ్మా, వెంకటరమణమ్మా అని పిలిచింది. త్రికోటేశ్వరరావు గారు కండువాతో ముఖం కప్పుకున్నారు. గుమ్మం దగ్గర మహబూబ్, రికార్డరులో చార్జింగ్ అయిపోయి ఎర్రదీపం ఆరిపోవడం చూశాడు. జేబులో ఇంకో బ్యాటరీ ఉంది. అతను దాన్ని తీయలేదు.